నొయెలీ ఒడ్డుకు తెచ్చిన మనిషి

పెళ్ళయి వెర్నజు వచ్చిన మొదటి చలికాలంలోనే రేవు చర్చి తాళంచెవి నొయెలీ చేతికొచ్చింది. "నా మోకాళ్ళు ఇక వంగవమ్మా. నికోలాని నువ్వే చూసుకో" అని అత్తగారు అరచేతిలో పెట్టేసింది. పక్కనే నిలబడ్డ పెద్దకూతురు యుగెత్ మొహం ముడుచుకుంది. పడవవాళ్ళ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల తానుండగా, కొండమీద పశువులు కాసుకునే ఊరినుంచి వచ్చిన కోడలికి తాళం ఇవ్వడమేమిటని ఆవిడ బాధ. ఆ మాట యుగెత్ ఎన్నడూ పైకి అనలేదు. అనకపోయినంత మాత్రాన అది మనసులోంచి పోనూ లేదు.

వెర్నజులో పడవ బతుకులు ముగిసిపోయి చాలా కాలమైంది. బొగ్గూ ద్రాక్షసారా నింపుకుని అలియే నది మీద పారిస్ దాకా పోయిన దేవదారు పడవల్లో ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది ఆ పడవవాళ్ళు కొలుచుకున్న పునీత నికోలా ఒక్కడే. మనిషంత ఎత్తు ఓక్ చెక్క విగ్రహం. వెలిసిపోయిన నీలం అంగీ, ఎత్తిన కుడిచెయ్యి, కాళ్ళ దగ్గర తొట్టిలో ఆయన మహిమతో బతికొచ్చిన ముగ్గురు పిల్లలు. ఏటా డిసెంబరులో పండగనాడు ఆయన్ని పల్లకిలో పెట్టి రేవు పొడుగునా తిప్పుతారు. నొయెలీ భర్త ఎమే ముందు కొమ్ముకి భుజమిచ్చేవాడు. అంతకుముందు అది వాళ్ళ నాన్న చోటు, ఆయనకు ముందు తాత చోటు.

నొయెలీకి పిల్లలు కలగలేదు. వృద్ధాశ్రమం లాండ్రీలో పని చేసుకుని, సాయంత్రాలు చర్చికి వచ్చి మెత్తటి గుడ్డతో విగ్రహం తుడిచేది. తొట్టిలో పిల్లల బుర్రల్ని మాత్రం ఆఖర్న, నింపాదిగా తుడిచేది. తుడుస్తూ ఆ పూట జరిగిందంతా నికోలాకి చెప్పుకునేది. ఇంట్లో ఎమే పెద్దగా మాట్లాడే మనిషి కాదు మరి.

చర్చి గోడనానుకుని సెవెరాన్ క్లూజెల్ ఇల్లు. ఈయనంటే ఊళ్ళో ఒక్కరికీ పడదు. కారణం లేకపోలేదు. యుగెత్ పెట్టిన పాత పడవల సంఘం వాళ్ళకి ఒకసారి క్లూజెల్ కొట్టంలో నిజమైన దేవదారు పడవ, సగానికి పైగా, పలకలూ మేకులతో సహా ఉందని తెలిసింది. మేయరుని వెంటబెట్టుకుని అడగడానికి వెళ్ళారు. ఆలోచించి చెప్తానన్నాడు క్లూజెల్. ఆ చలికాలం దాన్ని ముక్కలు కోసి పొయ్యిలో పెట్టుకున్నాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు!" అని యుగెత్ నడివీధిలో అరిస్తే, ఆయన తాపీగా జవాబిచ్చాడు. "పారిస్‌లో సరుకు దించగానే ఈ పడవల్ని ఏం చేసేవాళ్ళో నీకు తెలీదా? ఊడదీసి కట్టెలకింద అమ్మేసేవాళ్ళు. మా తాత ఒకదాన్ని అమ్మడం మర్చిపోయాడు, నేను కాల్చేశాను. వారసత్వమంటే అదేగా!"

నొయెలీనీ వదిలేవాడు కాదు. ఆమె చర్చి తలుపు తీసిన చప్పుడు కాగానే కిటికీలోంచి తల బయటపెట్టేవాడు. "వచ్చావా ఆయమ్మా? మొద్దుకి ఇవాళ తలస్నానమా?" ఆమె విననట్టు లోపలికి పోయేది. లోపల నికోలాకి మాత్రం చెప్పేది. "ఆ ముసలాణ్ణి ఎప్పుడు తీసుకుపోతావయ్యా?"

ఫ్రాంకులు పోయి యూరోలు వచ్చిన మరుసటి ఏడు, పండగ రెండ్రోజులుందనగా వరదొచ్చింది. పై కొండల్లో కుండపోతగా కురిసింది. పొద్దున లేచేసరికి నది రంగు మారిపోయి, చెట్లకి చెట్లే కొట్టుకొస్తున్నాయి. వంతెన మూసేశారు. అగ్నిమాపక దళం వాళ్ళు అవతలి ఒడ్డున బడి పిల్లల్ని ఖాళీ చేయిస్తున్నారు. పండగ కొవ్వొత్తులకోసం పోయిన యుగెత్ కూడా అటువైపే చిక్కుకుంది. అక్కణ్ణుంచి నొయెలీకి ఫోను చేసింది.

"నొయెలీ, నికోలా పల్లకి మీదే ఉన్నాడే! ఊరేగింపుకని నిన్ననే కిందికి దించారు. నీళ్ళు రేవు మీదికొచ్చాయా?"

"వచ్చేశాయి వదినా. మోకాలి లోతు ఉంటాయి."

"ఎమే పడవ తీసుకుని ఇప్పుడే వెళ్ళండి. ఇద్దరైతే చాలు, ఎత్తగలరు. వెళ్ళవే తల్లీ, నీకు పుణ్యముంటుంది."

చేపలకని ఎమే ఉంచుకున్న చదును పడవ అది. ఇద్దరితోపాటు ఇంకొక్క మనిషి బరువు పడితే అంచు నీళ్ళకి తగులుతుంది. ఎమే గెడ వేస్తూ వీధిలోంచి నడిపాడు. చర్చి దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు తొడల లోతుకి పెరిగాయి. ఆమె దిగి, తాళంచెవి తలుపులో పెట్టి తిప్పింది. అప్పుడు వినపడింది చప్పుడు. పక్కింట్లో ఎవరో ఇనప పెనంతో కిటికీ చెక్కని బాదుతున్నారు.

క్లూజెల్ రెండ్రోజుల కిందటే కొడుకు దగ్గరికి పోయాడని ఊళ్ళో అందరూ అనుకున్నారు. పోలేదన్నమాట.

నొయెలీ చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. తర్వాత ఆమె ఒక్కరితో తప్ప ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది ఆ కాసేపటి సంగతే. ఆ చప్పుడు ఆగిపోతే బాగుండును అనుకుంది. నిజంగానే అనుకుంది. ఆగిపోతే వినలేదని చెప్పుకోవచ్చు. చప్పుడు ఆగలేదు. ఇంకా గట్టిగా వినపడింది.

"ఎమే, ముసలాయన లోపలే ఉన్నాడు."

"విన్నాన్లే. బల్ల మీద ఎక్కి కూచుంటాడు, ఏం కాదు. ముందు నికోలాని ఎక్కిద్దాం. దింపేసి మళ్ళీ వద్దాం."

"మళ్ళీ వచ్చేదాకా నీళ్ళు ఆగుతాయా?"

"నొయెలీ, ముందు తలుపు తియ్యి!"

"ఆయనకి కాళ్ళు రావు ఎమే. మేడ మెట్లు ఎక్కలేడు."

ఎమే గెడని నేలకి గుచ్చి పట్టుకుని ఆమెనే చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని కళ్ళలో అంత భయం ఆమె చూడలేదు. "మా నాన్న మోశాడే వాణ్ణి" అన్నాడు. ఆ 'వాణ్ణి' అన్నది నికోలాని. నొయెలీ తాళం వెనక్కి తిప్పి, గోడ పట్టుకుంటూ పక్కింటి కిటికీ వైపు నడిచింది. కాసేపటికి ఎమే కూడా పడవని అటు తిప్పాడు.

ఆయన్ని పట్టుకొచ్చెయ్యడం తేలిగ్గా అయిపోయుంటే ఇద్దరూ దక్కేవారేమో. క్లూజెల్ కదలనన్నాడు. నడుములోతు నీళ్ళలో బల్ల మీద కూచుని, చంకలో కోళ్ళ బుట్ట పెట్టుకుని, "నా కోళ్ళు వస్తేనే నేను వస్తా!" అని మొదలుపెట్టాడు. బుట్ట తెచ్చుకోమంటే, ఇంకో కోడి అటక మీదుంది దాన్నీ పట్టుకోమన్నాడు. ఎమే ఎత్తబోతే పెనంతో భుజం మీద ఒక్కటిచ్చాడు. చివరికి నొయెలీ అటకెక్కి ఆ కోడిని పట్టుకుని, కోట్లో దోపుకుని, "ఇంక నోరుమూసుకుని రండి!" అని అరిచింది. ఆవిడ అరవగలదని క్లూజెల్ అప్పుడే మొదటిసారి తెలుసుకున్నాడు. నోరుమూసుకుని వచ్చాడు.

ఆయన్ని పైవీధి మెట్ల మీద దింపి వెనక్కి తిరిగారు. సగం దూరంలో ఉండగా పెద్ద మాను ఒకటి రేవు మీదికి కొట్టుకొచ్చి చర్చి తలుపుని గుద్దింది. వాళ్ళ కళ్ళముందే రెండు రెక్కలూ లోపలికి పడిపోయాయి. ఎమే నీళ్ళలోకి దూకి, చేత్తో గుమ్మం పట్టుకుని లోపలికి చూశాడు. పల్లకి గుమ్మానికి అడ్డంగా ఇరుక్కుని ఉంది. నికోలా లేడు. వెనక గోడ కిటికీ ఉన్నచోట ఖాళీ, దాంట్లోంచి నది.

ఆ రోజు ఎమే ఏడిచాడు. నొయెలీ అతని భుజం మీద చెయ్యి వెయ్యబోతే తోసెయ్యలేదు, అలాగని దగ్గరికీ రాలేదు.

వరద తీసిన తర్వాత ఊరంతా పారలతో బురద ఎత్తుకుంటూ ఇదే మాట్లాడుకుంది. మొదట్లో ఎవరూ నొయెలీని తప్పుపట్టలేదు. ప్రాణం ప్రాణమే కదా అన్నారు. కానీ ఆ ప్రాణం క్లూజెల్‌ది కావడం మింగుడు పడలేదు. పైగా వరద తర్వాత ఆయన్ని చేర్చిన వృద్ధాశ్రమానికి పేపరువాడు పోయి పలకరిస్తే, "నన్ను రక్షించమని ఎవరడిగారు? నా కోళ్ళలో ఒకటి జలుబు చేసి చచ్చింది. ఆ మొద్దునే పట్టుకెళ్ళాల్సింది" అని ఆయనన్న మాట ఫోటోతో సహా అచ్చయింది.

రొట్టెల దుకాణంలో వరసలో నిలబడితే వెనకనుంచి వినపడేది. "ఈసారి పల్లకిలో క్లూజెల్‌ని కూచోబెట్టి మోద్దామంటున్నారు, పునీత సెవెరాన్!"

"కోళ్ళ బుట్టతో సహానా?"

"మరి! తొట్టిలో పిల్లల బదులు అవే."

నవ్వులు. దుకాణం ఆవిడ మాత్రం నొయెలీకి రొట్టె ఇస్తూ జాలిగా, "పోనీలే, నువ్వు నదివాళ్ళ పిల్లవి కాదుగా, నీకేం తెలుస్తుంది" అంది. నవ్విన వాళ్ళకంటే ఆ ఓదార్పు నొయెలీని ఎక్కువ కోసింది. ఆ తర్వాత రొట్టె వంతెన అవతలి దుకాణంలో కొనుక్కోవడం మొదలుపెట్టింది.

యుగెత్ క్రిస్మసుకి ముందు వచ్చింది. కోటు విప్పకుండా వంటింట్లో నిలబడింది. "సంఘం వాళ్ళు చర్చి మరమ్మతు మొదలుపెడుతున్నారు. తాళం మా దగ్గరుంటే వీలుగా ఉంటుందని..."

"తలుపే లేదుగా వదినా. తాళమెందుకు?"

"కొత్త తలుపుకి పాత తాళమే బిగిస్తారట."

నొయెలీ మేకు మీంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. ఎమే పొయ్యి దగ్గర కూచుని బంగాళదుంపలూ మీగడా పెట్టి కాల్చిన రొట్టె తింటున్నాడు. తల ఎత్తలేదు. ఒక్క మాట అంటాడేమోనని నొయెలీ చూసింది. అతను కత్తితో రొట్టె అంచు కోసుకుంటూ ఉండిపోయాడు. వదిన వెళ్ళిపోయాక కూడా ఆమె ఏమీ అడగలేదు. అడిగితే అతను నిజం చెప్తాడని ఆమె భయం.

క్లూజెల్‌ని పెట్టింది నొయెలీ పనిచేసే వృద్ధాశ్రమంలోనే. ఆయన దుప్పట్లు ఆమె చేతులమీదుగానే వెళ్ళేవి. ఆమె రోజూ పని కాగానే ఆయన గదికి వెళ్ళేది. ఎందుకు వెళ్తోందో ఆమెకే సరిగా తెలీదు. ఆయన కృతజ్ఞత చూపిస్తాడన్న ఆశైతే లేదు.

"మళ్ళీ వచ్చావా ఆయమ్మా? నీ మొద్దు లేకపోయేసరికి నా మీద పడ్డావు."

"మీకు సూప్ తాగించమని నర్సు చెప్పింది."

"దాంట్లో ఉప్పు లేదు. నర్సులో కూడా లేదు."

జనవరి చివర్లో ఆయనకి ఊపిరి ఆడటం కష్టమైంది. మనిషి సగమయ్యాడు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి నొయెలీ చెప్పేసింది.

"క్లూజెల్ గారూ, ఆ రోజు మీ చప్పుడు విన్నాక వెంటనే రాలేదు నేను. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆగిపోతే బాగుండుననుకున్నాను."

ముసలాయన కళ్ళు మూసుకునే నవ్వాడు. నవ్వు దగ్గయి, తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. "తెలుసు. కిటికీ సందులోంచి చూస్తూనే ఉన్నా. నువ్వు తాళం తిప్పావు. అందుకే ఇంకా గట్టిగా బాదాను. పిలిస్తే వచ్చేవాళ్ళు లేని మనిషికి బాదడమొక్కటే తెలుసు పిల్లా."

"కోపం లేదా?"

"నేనైతే మొద్దునే పట్టుకెళ్ళేవాణ్ణి. బరువు తక్కువ, తిట్టదు." కళ్ళు తెరిచి, "ఆ సూప్ ఇలా తే" అన్నాడు.

ఫిబ్రవరిలో ఆయన పోయాడు. పూడ్చేటప్పుడు ఫాదరు, కొడుకు, నొయెలీ ఉన్నారు. దూరంగా గేటు బయట ఎమే నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం ఆమె పక్కనే నడిచాడు. "రెండు నెలలకోసం" అన్నాడు దారిలో. "రెండు నెలల బతుకుకోసం, నొయెలీ."

"అవును" అంది ఆమె. "ఆ రోజు నాకది తెలీదు. తెలిసినా ఏం చేసేదాన్నో తెలీదు."

చాలాకాలందాకా ఆ విషయం గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అంతే.

నికోలా వేసవి మొదట్లో దొరికాడు. నది దిగువన చాలా దూరంలో, విల్లో పొదల మధ్య, బురదలో బోర్లా పడి ఉన్నాడు. ఎత్తిన చెయ్యి విరిగిపోయింది. తొట్టిలో పిల్లల్లో ఒక్కడే మిగిలాడు. రాళ్ళకి రాసుకుని రాసుకుని మొహం మొత్తం అరిగిపోయి, కళ్ళూ ముక్కూ ఉన్నచోట నున్నటి చెక్క. విగ్రహాల వైద్యం తెలిసిన ఒకాయన వచ్చి చూసి, ఒక్కసారిగా ఎండిపోతే చెక్క నిలువునా పగిలిపోతుంది, తడిబట్టలు చుట్టి కొద్దికొద్దిగా ఆరనివ్వాలి అని చెప్పి వెళ్ళాడు. పురపాలక సంఘం కొట్టంలో పడుకోబెట్టారు. రోజూ బట్టలు తడిపే పని ఎమే తీసుకున్నాడు.

నొయెలీని ఎవరూ పిలవలేదు. ఆమె ఒకసారి తనంతట తానే వెళ్ళింది. తలుపు సందులోంచి చూస్తే ఎమే నేలమీద కూచుని గుడ్డ పిండుతున్నాడు. పిండి, విగ్రహం మొహం మీద పరిచి, దానితో ఏదో మాట్లాడుతున్నాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి, అక్కడ ధారగా మాట్లాడుతున్నాడు. ఏమంటున్నాడో వినపడలేదు. ఆమె లోపలికి పోలేదు. ఆ రాత్రి వంటలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. ఎమే అలాగే తినేశాడు.

తర్వాత వారం ఆవిడే అంది. "ఆ బట్టలు అలా కాదు. అంచులు కిందికి దోపకపోతే గాలి తగిలి అక్కడే ముందు ఆరిపోతుంది."

ఎమే ఆమె వైపు చూశాడు. "వచ్చి చూపించు" అన్నాడు.

"నేను రాను. ఇక్కడే చూపిస్తా." బల్లమీది దిండు తీసుకుని తడిగుడ్డ చుట్టి చూపించింది. ఎమే శ్రద్ధగా చూసి నేర్చుకున్నాడు. దిండు తడిసిపోయిందని తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది. కొద్దిగానే అయినా, అది చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

విగ్రహానికి కొత్త మొహం చెక్కించాలా వద్దా అని సంఘంలో పెద్ద గొడవైంది. మొహంలేని దేవుణ్ణి పిల్లలకేం చూపిస్తామని సగం మంది. వేరే మొహం పెడితే ఆయన మా నికోలా ఎలా అవుతాడని మిగతా సగం. యుగెత్ రెండోవైపు నిలబడింది. చివరికి అలాగే, అరిగిన మొహంతోనే, వచ్చే డిసెంబరులో ఊరేగించాలని తేల్చారు.

పండగనాడు నొయెలీ కావాలనే లాండ్రీలో డ్యూటీ వేయించుకుంది. ఎమే పొద్దున్నే మంచి కోటు తొడుక్కుని గుమ్మంలో ఆగాడు. "రావా?"

"నేనొస్తే అందరూ నన్ను చూస్తారు. ఆయన్ని చూడనీ."

దూరంనుంచి గంటలు వినపడుతుండగా ఆమె యంత్రంలోంచి దుప్పట్లు తీస్తోంది. తలుపు దగ్గర అలికిడైంది. యుగెత్. పండగ దుస్తుల్లో, నదివాళ్ళ నీలం శాలువాతో. ఊరేగింపు నడిపించాల్సిన మనిషి.

"అక్కడ లేవేం వదినా?"

"వాళ్ళు నడుస్తార్లే." యుగెత్ స్టూలు మీద కూలబడింది. వయసు ఒక్కసారిగా మీద పడినట్టుంది. "ఏడాదిగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉందే. ఆ రోజు నువ్వు నాకు తిరిగి ఫోను చేసి, వదినా ముసలాయనున్నాడు ఏం చెయ్యమంటావు అని అడిగి ఉంటే, నేనేం చెప్పేదాన్నో తెలుసా?"

"తెలుసు."

"నికోలాని ముందు తీసుకురమ్మనేదాన్ని. అనుమానమే లేదు. చెప్పేసి, తర్వాత జీవితాంతం..."

"తెలుసు వదినా" అంది నొయెలీ మళ్ళీ. "అందుకే అడగలేదు."

యుగెత్ ఆమె మొహంలోకి చూసింది. కోపమొచ్చిందో, ఊరట కలిగిందో ఆవిడకే తెలిసినట్టు లేదు. "నువ్వు మమ్మల్నెవర్నీ అడగలేదు. అదే నీ మీద కోపం నాకు. అడగకపోవడమే మంచిదైంది. అదీ కోపమే."

"ఉండనియ్యి. నా మీద నాకూ ఉంది."

"నీకెందుకు?"

నొయెలీ క్లూజెల్‌కి చెప్పినది ఆవిడకి చెప్పలేదు. దుప్పటి యంత్రంలోంచి బయటికి లాగుతూ, "ఆ తొట్టిలో పిల్లలు ఇద్దరు పోయారుగా" అంది. అదీ నిజమే. యుగెత్ లేచి ఆ తడి దుప్పటి రెండో కొస పట్టుకుంది, ఎందుకంటే అది నేలమీదికి జారిపోతోంది.

ఆ తర్వాత వాళ్ళు అతుక్కుపోయిన వదినామరదళ్ళు అయ్యారని చెప్పలేం. యుగెత్ ఆదివారాలు మళ్ళీ భోజనానికి రావడం మొదలుపెట్టింది. ఎమే మరికొన్నేళ్ళు పల్లకి మోసి, తుంటి నొప్పితో మానేశాడు. పునీత సెవెరాన్ అన్న పేరు ఊళ్ళో చాలాకాలం నిలిచింది. కొత్తగా వచ్చినవాళ్ళు నిజంగానే అలాంటి దేవుడున్నాడేమో అనుకునేవాళ్ళు. నొయెలీ రేవు చర్చిలోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. విశ్వాసం పోలేదు. పైవీధి చర్చికి వెళ్ళేది, వెనక బల్లమీద కూచునేది. ఎవరైనా ఆ వరద సంగతి అడిగితే, అడిగినవాళ్ళు పొగడటానికే అడిగినా సరే, మాట తప్పించేది.

ఒక్కసారి మాత్రం, చాలా ఏళ్ళకి, వృద్ధాశ్రమంలో కొత్తగా చేరిన నర్సు "మీరు సరైన పనే చేశారు కదమ్మా" అంటే, నొయెలీ మాట తప్పించలేదు.

"చేశాను" అంది. "కానీ బాగాలేదమ్మా. ఇప్పటికీ బాగాలేదు."

అని, వేడి చల్లారకముందే మడతపెట్టాలని దుప్పట్ల వైపు తిరిగింది.